కీ తిప్పగానే వచ్చే చప్పుడు ఎక్కడిది?

కారు స్టార్ట్ చేసేటప్పుడు వింత చప్పుడు వస్తే ముందుగా అనుమానం సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ని మొదట తిప్పి స్టార్ట్ చేసే మోటార్) మీదకే పోతుంది. దాన్ని మార్చేస్తారు, చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. పానా పట్టకముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: చప్పుడు ఇంజిన్ తిరగకముందు వస్తోందా, తిరుగుతున్నప్పుడా, స్టార్ట్ అయ్యాకా? లోపల కూర్చుంటే ఇది సరిగా తెలియదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, కీ ఇంకొకరిని తిప్పమని మీరు బానెట్ పక్కన నిలబడి వినండి. చున్నీలు, వదులు చేతుల చొక్కాలు బెల్టు దరిదాపులకు రాకూడదు.

ఇంజిన్ తిరగకుండా టకటకమని వరసగా కొట్టుకుంటోందంటే సెల్ఫ్‌కి కరెంటు చాలడం లేదు. సోలనాయిడ్, అంటే సెల్ఫ్ మీదుండే అయస్కాంతపు స్విచ్చి, కాంటాక్ట్ కలపగానే మోటార్ వందల ఆంపియర్లు లాగుతుంది, వోల్టేజి కుప్పకూలుతుంది, సోలనాయిడ్ పట్టు వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి లేచి మళ్లీ పట్టుకుంటుంది. మనకు వినిపించేది ఆ పట్టువిడుపులే. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి జారితే దాని పని అయిపోవచ్చినట్టే.

బ్యాటరీ బాగున్నా టకటక ఆగలేదా? అయితే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. చాలా మంది వదిలేసే పరీక్ష ఇదే. మీటర్ ఒక మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంప్ మీద కాదు, సీసం పోస్టు మీదే), రెండోది ఇంజిన్ బ్లాక్ మీద రంగు లేని చోట ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ వైరులోనో (బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి, ఇంజిన్‌కి కలిపేది) దాని బిగింపులోనో లోపముంది. అలాగే పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మీది లావు వైరు బోల్టు దాకా చూడండి, అక్కడ 0.5 దాటకూడదు.

క్లాంప్ పైకి గట్టిగానే కనిపిస్తుంది. విప్పి చూస్తే పోస్టు చుట్టూ నల్లటి పొర, అంచున తెల్లటి పొడి. ఆ కాస్త పొరే ఇంజిన్‌ని ఆపేస్తుంది. విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి. పాజిటివ్ మీద ఉన్న పానా బాడీకి తగిలితే నిప్పులు చెరుగుతాయి. గ్లాసుడు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి పొడిని కడిగి, సీసం మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్దండి. సోడా నీళ్లు బ్యాటరీ సెల్స్‌లోకి మాత్రం పోనివ్వద్దు. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.

ఒక్కసారి ‘ఠక్’మని ఊరుకుంటే, వోల్టేజి బాగుంటే, సోలనాయిడ్‌లోని రాగి కాంటాక్టులు కాలి అరిగి ఉండొచ్చు. చాలా సెల్ఫ్‌లలో వాటినొక్కటే మార్చుకోవచ్చు, మొత్తం మోటార్ అక్కర్లేదు. అయితే అంతకుముందు కీ తీసేసి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ఇరుసు చివర బెల్టు తిప్పే చక్రం) బోల్టుకు సాకెట్ పెట్టి ఇంజిన్ చేత్తో తిరుగుతోందో లేదో చూడండి. కదలకపోతే సమస్య సెల్ఫ్‌ది కాదు, ఇంజిన్‌దే. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నా ఇంజిన్ తిరగకపోతే పిన్నియన్‌తో (సెల్ఫ్ మొనన ఉండే చిన్న పళ్ల చక్రం) ఉండే వన్‌వే క్లచ్, అంటే మెకానిక్కులు బెండిక్స్ అనేది, జారుతున్నట్టు.

కర్ర్‌మని ఇనుము గీసుకున్న చప్పుడును మాత్రం ఒక్క రోజు కూడా నాన్చొద్దు. అది పిన్నియన్ పళ్లు ఫ్లైవీల్ (ఇంజిన్ చివర ఉండే బరువైన చక్రం) చుట్టూ ఉన్న రింగు పళ్లను కొరికేస్తున్న చప్పుడు. ముందు సెల్ఫ్ బోల్టులు వదులయ్యాయేమో చూడండి. అవి బిగువుగా ఉన్నా, చప్పుడు ఒకరోజు వచ్చి ఒకరోజు రాకపోతే రింగునే అనుమానించాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆపినప్పుడల్లా దాదాపు అవే రెండు చోట్ల ఆగుతుంది, అందుకే రింగు పళ్లు కూడా ఆ రెండు చోట్లే ఎక్కువ అరుగుతాయి. మాన్యువల్ గేరు బండైతే చదునైన చోట, కీ తీసేసి, పై గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించి జానెడు దూరం నెట్టండి. తర్వాత న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి స్టార్ట్ చేయండి. చప్పుడు లేకపోతే దోషి దాదాపు రింగే. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. కాబట్టి క్లచ్ పనికోసం దించినప్పుడే రింగు పళ్లు చుట్టూ చూపించమనండి. అరిగిన రింగుకు కొత్త పిన్నియన్, కొత్త రింగుకు అరిగిన పిన్నియన్ పెట్టడం డబ్బు దండగ.

ఇంజిన్ అందుకున్నాక కూడా ఆ గీకుడు ఆగకపోతే పిన్నియన్ వెనక్కి రావడం లేదు. వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంజిన్ ఈడ్చే వేగానికి సెల్ఫ్ మోటార్ నాశనమవుతుంది.

స్టార్ట్ అయ్యాక కీచుమంటే బెల్టు. దాని గాళ్ల మీద కాసిని నీళ్లు చిలకరించండి. కీచు పెరిగితే బెల్టు వదులైనట్టు, కాసేపు మాయమై మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరసలో లేవని అర్థం.

చల్లటి ఇంజిన్ ఒకటి రెండు క్షణాలు గడగడలాడి సర్దుకుంటే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. చాలా ఇంజిన్లలో టైమింగ్ చైన్‌ను (పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి సరిపడేలా కదిలించే గొలుసు) బిగువుగా ఉంచే టెన్షనర్‌కు ఆయిల్ ప్రెషరే ఆధారం. ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు కవాటం గట్టిపడితే రాత్రంతా ఆయిల్ కారిపోయి, పొద్దున్నే చైన్ వదులుగా కొట్టుకుంటుంది. సరైన గ్రేడు ఆయిల్, మంచి ఫిల్టర్ వేశాక కూడా గడగడ ఉంటే చైన్, టెన్షనర్ రెండూ విప్పి చూడాల్సిందే. చైన్ కొన్ని పళ్లు దాటితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి.