పద్నాలుగు మందితో పట్టాయా క్యాబరేకి

మా ఇంట్లో ‘క్యాబరే’ అనే మాటని పదిమందిలో అన్నది నేనే మొదటిసారి అనుకుంటా. అదీ నాన్న కూడా ఉన్న వాట్సాప్ గ్రూపులో.

అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజుకి అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామని ఏడాదిగా అనుకుంటున్నాం. 2023 నవంబరులో మనవాళ్లని వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టారు కదా అని చివరికి థాయ్‌లాండ్ దగ్గర ఆగాం. అమ్మ, నాన్న, పెద్దమ్మ, పిన్ని, బాబాయ్, అక్క, బావ, తమ్ముడు, మరదలు, నేను, మా ఆయన, పిల్లలు ముగ్గురు, లెక్కేస్తే పద్నాలుగు మంది. బీచి, గుడి, పడవ, వీటికి ఎవరూ ఏమీ అనలేదు. “పట్టాయాలో రెండో రోజు సాయంత్రం క్యాబరే షోకి వెళ్దామా?” అని పెట్టేసరికి గ్రూపు మొత్తం కరెంటు పోయినట్టయింది. మధ్యాహ్నం దాకా ఒక్క మెసేజీ లేదు. ఆ తర్వాత పిన్ని విడిగా ఫోన్ చేసి, “ఏమే, మీ నాన్న చూసే చోట ఏం మాటలే అవి?” అంది.

పిన్నిని తప్పు పట్టలేను. మనకి క్యాబరే అంటే సినిమాలో విలన్ డెన్, చేతిలో విస్కీ గ్లాసు, ఎర్ర లైట్లు, జ్యోతిలక్ష్మో జయమాలినో, వెనకాల ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు. క్లబ్ డాన్సు అనేవాళ్లం దాన్ని. ఆ పాట రాగానే పిల్లల్ని మంచినీళ్లు తెమ్మని బయటికి పంపేవాళ్లు, మేం తలుపు సందులోంచి చూసేవాళ్లం, అది వేరే సంగతి. అసలు క్యాబరే పుట్టింది పారిస్‌లో. 1881లో అక్కడి మోమార్త్ర్ పేటలో నల్లపిల్లి పేరుతో ఒక చోటు తెరిచారు, అక్కడ కవులూ పాటగాళ్లూ చేరి కూర్చుని తాగుతూ పాడుకునేవాళ్లు. మూలాన్ రూజ్ అనే పేరుమోసిన క్యాబరే వచ్చింది 1889లో. తిండీ తాగుడూ ఉన్న చోట ఆటపాటలు, అంతే దాని అర్థం. పట్టాయా దగ్గరికి వచ్చేసరికి ఆ తిండి కూడా పోయి, పెద్ద థియేటరు, వరస కుర్చీలు, ఒకదాని వెనక ఒకటి డాన్సు ఐటెమ్‌లు మిగిలాయి. అక్కడ రెండు పాత పేర్లున్నాయి, టిఫనీస్ 1974లో మొదలైంది, ఆల్కజార్ 1981లో. రెండూ సెకండ్ రోడ్డు మీదే. వేదిక మీద ఉండేది ఎక్కువగా ట్రాన్స్ మహిళలు. బట్టలు విప్పే వ్యవహారం కాదు, పిల్లల్ని తీసుకుని కుటుంబాలు కుటుంబాలు వస్తాయి.

అయితే ఒక జాగ్రత్త ఉంది. అదే ఊళ్లో వాకింగ్ స్ట్రీట్ అని ఇంకో లోకం ఉంది, అక్కడ చేతిలో కార్డు పట్టుకుని “షో, షో” అంటూ వెంటపడతారు. ఆ షోలు వేరు, ఇవి వేరు. ఈ రెండూ కలగాపులగం కావడం వల్లే సగం ఇళ్లలో ఈ ప్లాను మొదట్లోనే ఆగిపోతుంది. మా బావ అయితే రివర్స్‌లో, “ఓహో, ఇదా, నేను అదనుకున్నాను” అని కాస్త నీరుగారిపోయాడు.

ఇదంతా గ్రూపులో పేరాలు పేరాలుగా రాశాను, ఎవరూ చదవలేదు. చివరికి విసుగొచ్చి ఒకటే లైను పెట్టాను. “మన తీర్థంలో రికార్డింగ్ డాన్సు చూశారుగా, దానికి ఏసీ హాలు వేస్తే ఇదే.”

అంతే, అందరికీ అర్థమైపోయింది. మాది కోనసీమ. సంక్రాంతి వెళ్లాక తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, రాత్రి పదింటికి స్టేజీ, ట్యూబ్‌లైట్లు, పెట్టెల్లోంచి చెవులు పగిలే పాట, దానికి పెదాలు కలుపుతూ అచ్చం హీరోయిన్‌లా ముస్తాబై ఆడే డాన్సర్లు, పోలీసులొస్తే అందరూ పరుగో పరుగు. పట్టాయాలోనూ పాట రికార్డుదే, పెదాలే వాళ్లవి. నేను వెటకారానికి అనలేదు, నిజంగా అదే విద్య. పెద్దమ్మ అప్పుడు పెట్టింది మెసేజీ, వాయిస్‌లో: “నేను వస్తానే. మా రోజుల్లో ఆడవాళ్లని స్టేజీ దగ్గరికి రానిచ్చేవారు కాదు, డాబా మీద దుప్పటి కప్పుకుని చూసేవాళ్లం, తలకాయలు తప్ప ఏమీ కనపడేవి కాదు. ముందు వరస టికెట్టు తియ్యి.” అరవై ఎనిమిదేళ్ల పెద్దమ్మ వస్తానన్నాక ఇంక నాన్న ఏమంటారు, బొటనవేలు బొమ్మ పెట్టారు.

ఇక్కడి నుంచి అసలు తలనొప్పి. ఎవరైనా ఇలాంటిది ప్లాను చేస్తుంటే నేను చెప్పేది ఒక్కటే, ‘ఓకే’ అన్నవాళ్లని లెక్కపెట్టకండి, డబ్బు పంపినవాళ్లని లెక్కపెట్టండి. మా గ్రూపులో పద్నాలుగు ఓకేలు గంటలో వచ్చాయి, డబ్బులు రావడానికి పదకొండు రోజులు పట్టింది. బావది అప్పటికీ రాలేదు. ఈలోపు రోజు మార్చమన్నారు, ఎందుకంటే నేను చూసిన రోజు శనివారం, పెద్దమ్మకి ఆ రాత్రి ఫలహారమే, అన్నం ముట్టదు, షో అయ్యాక ఎనిమిది దాటాక దోశ కోసం వెతుక్కోవాలి. శుక్రవారానికి మార్చాను. సాయంత్రం నుంచి రెండు మూడు ఆటలుంటాయి. మొదటి ఆటకైతే బీచి నుంచి ఇసక కాళ్లతో పరిగెత్తాలి, ఆఖరిదానికైతే పిల్లలూ నాన్నా కుర్చీల్లోనే నిద్రపోతారు, అందుకని మధ్య ఆట.

సీట్ల విషయంలో నేను దెబ్బతిన్నాను. పద్నాలుగూ ఒకే చోట కావాలని టికెట్లు కొన్నచోట రెండుసార్లు రాశాను, ‘తప్పకుండా’ అన్నారు, తీరా చూస్తే ఆరు, అయిదు, మూడు వేరువేరు వరసల్లో వచ్చాయి. అడిగితే గ్రూపు పెద్దదండీ అంటారు. పెద్దదనే కదయ్యా అంత ముందు కొన్నది! సీటు తరగతికీ తరగతికీ మధ్య తేడా తలకి రెండు మూడు వందల బాత్‌లు ఉంటుంది, బాత్ అంటే మన రెండున్నర రూపాయల పైమాటే, పద్నాలుగు మందికి అది చిన్న డబ్బు కాదు, కాబట్టి ‘ముందు’ అంటే ఎన్నో వరసో, ‘కలిపి’ అంటే పక్కపక్కనో కాదో రాసిమ్మనండి. నేను పేపరు తీసి కూర్చునే పటం గీశాను. పెద్దమ్మ, అమ్మ, నాన్న, పిల్లలు ముందు ఆరు. పిన్నీ బాబాయ్‌కీ బావకీ మధ్య కనీసం రెండు వరసలు, ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రోజు అయిదింటికే భోజనాలు పెట్టేశాం. పట్టాయాలో మన తిండికి కొదవ లేదు, అయినా అక్క సూట్‌కేసులోంచి కందిపొడి సీసా బయటికొచ్చింది. తర్వాత రెండు వ్యాన్లు. టికెట్లన్నీ నా ఫోన్‌లో, నేను రెండో వ్యాన్‌లో. ఇంత ప్లాను చేసిన మనిషికి ఆ మాత్రం తట్టలేదు చూడండి. సెకండ్ రోడ్డు వన్‌వే, మా డ్రైవరు గేటు దాటి ముందుకి పోయాడు, వెనక్కి తిప్పడానికి లేదు, మళ్లీ చుట్టూ తిరిగి బీచ్ రోడ్డు మీదుగా రావాలి, అదీ వన్‌వేనే. మొదటి వ్యాన్ వాళ్లు లోపలికి పోలేక గేటు దగ్గర, తమ్ముడు నిమిషానికోసారి ఫోను, వెనక నాన్న గొంతు “దానికి ముందే చెప్పాను” అని, ఏం చెప్పారో ఎవరికీ తెలీదు. ఆ ట్రాఫిక్‌లో పావుగంట ఇరుక్కుని, టెన్షన్‌తో ఫోన్ చార్జింగ్ చూస్తే పన్నెండు శాతం. టికెట్ల ఫొటోలు ప్రతి వ్యాన్‌లో ఒకరి ఫోన్‌లో ఉండాలి, పోతే పోయింది నాలుగు కాగితాలు, ప్రింటు కూడా తీసుకోండి.

ఇంకా మూడు నిమిషాలుందనగా లోపల పడ్డాం.

షో గురించి ఎక్కువ రాయను, చూడాల్సింది కదా. ఫోన్లు తీయద్దన్నారు, అది మంచిదే అయింది. థాయ్ నాట్యం ఒకటి, చైనా రాజదర్బారు ఒకటి, ఈకల కిరీటాలతో మెట్ల మీంచి దిగే పారిస్ తరహాది ఒకటి, సెట్టింగు మారడానికి ఊపిరి తీసుకునేంత టైము కూడా పట్టదు. మధ్యలో ఒక హిందీ పాట వచ్చింది, లెహంగాలు, గాజులు, జడలు. హాల్లో సగం మంది మనవాళ్లే, ఈలలు. పెద్దమ్మ మాత్రం ఈల వెయ్యలేదు, ముందుకి వంగి వాళ్ల పెదాల్నే చూస్తోంది. “మాట ఒక్కటి తప్పలేదే” అంది నా చెయ్యి గిల్లి. భాష రాని మనిషి పరాయి భాష పాటకి అక్షరం అక్షరం పెదవి కలపడం ఎంత కష్టమో, డాబా మీంచి తలకాయలు చూసిన మనిషికి బాగానే తెలిసినట్టుంది.

ఇప్పుడు నేను ముందుగా చేసి ఉండాల్సిన పని ఒకటి చెప్తాను. షో మొదలై పది నిమిషాలైందో లేదో మా అక్క కొడుకు, తొమ్మిదేళ్లవాడు, గట్టిగా అడిగాడు, “అమ్మా, వీళ్లు అమ్మాయిలా అబ్బాయిలా?” రెండు వరసల వెనక నుంచి బావ కిసుక్కున నవ్వాడు. పిల్లాడు అడగడం తప్పు కాదు, వాడికి హోటల్లోనే రెండు ముక్కల్లో చెప్పాల్సింది. వెళ్లేవాళ్లు అందరికీ, ముఖ్యంగా మగవాళ్లకి, ఎవరి షోకి వెళ్తున్నామో, అక్కడ ఏం మాట్లాడకూడదో ముందే చెప్పుకోవాలి. మన దగ్గర సిగ్నల్ దగ్గర చప్పట్లు వినపడితే కారు అద్దం పైకెత్తేసే మనమే ఇక్కడికొచ్చి టికెట్టు కొని చప్పట్లు కొడతాం. థాయ్‌లాండ్ ఏమీ స్వర్గం కాదు. 2025 జనవరి 23 నుంచి అక్కడ ఇద్దరు ఆడవాళ్లు గానీ ఇద్దరు మగవాళ్లు గానీ చట్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చు, కానీ ఆ వేదిక మీద మహారాణుల్లా దిగేవాళ్ల గుర్తింపు కార్డులో మాత్రం పుట్టినప్పుడు రాసిన ‘మగ’ అనేదే ఉంటుంది, మార్చుకునే చట్టం లేదు. ఇవన్నీ నేను పిల్లాడికి చెప్పేలోపే పెద్దమ్మ తేల్చేసింది: “అమ్మాయిలేరా. కనపడట్లా? నోర్మూసుకుని చూడు.” ఆ ఆఖరి మాట వెనక్కి తిరిగి, బావ వైపు చూస్తూ అంది.

షో గంటా పావు దాకా నడిచింది. అవ్వగానే డాన్సర్లు అదే వేషాల్లో బయట ఆవరణలో వరసగా నిలబడతారు, ఫొటో దిగొచ్చు, దిగితే డబ్బివ్వాలి. మామూలుగా వంద బాత్‌లు. ఇది టికెట్టులో కలిసి లేదు, ముగ్గురు వచ్చి పక్కన నిలబడితే ముగ్గురికీ ఇవ్వాలి, ఫొటో అయ్యాక బేరం ఆడితే సిగ్గుపోతుంది. అందుకని నేను ముందే చిల్లర మార్చి తలా ఒక వంద నోటు చేతిలో పెట్టాను. ఈ ట్రిప్పు మొత్తంలో నేను సరిగ్గా చేసిన పని అదే.

పెద్దమ్మ తిన్నగా ఆ లెహంగా అమ్మాయి దగ్గరికి నడిచింది. దగ్గర్నుంచి చూస్తే పై పెదవి మీద చెమట మేకప్పులోంచి చుక్కలుగా పైకొచ్చింది, చెప్పు బొందు కింద మడమకి ప్లాస్టరు, కొంగు అంచున తళుకులు ఊడి దారం వేలాడుతోంది. పెద్దమ్మ ఆ దారాన్ని తెంపి తన వేలికి చుట్టుకుంది, ఏదో మనింటి పెళ్లికూతురికి సర్దినట్టు. ఫొటో దిగాం. నేను ఇచ్చిన వంద నోటు తీసింది, కానీ ఇవ్వలేదు, పర్సులో వెతకడం మొదలుపెట్టింది. వెనక క్యూ పెరుగుతోంది, జనం గుసగుసలు. “పెద్దమ్మా, వంద చాలు” అన్నాను. “నువ్వుండవే” అని ఒక పది నాణెం, ఒక అయిదు, ఇంకా వెతికి వెతికి ఒక బాత్ తీసి, నోటు మీద పేర్చి, రెండు చేతులతో ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

నూట పదహార్లు.

ఆ అమ్మాయి నాణేల వైపు ఒకసారి, పెద్దమ్మ వైపు ఒకసారి చూసింది, చిల్లర ఎందుకిచ్చిందో అర్థం కానట్టు. మళ్లీ వెంటనే రెండు చేతులూ జోడించి తల బాగా కిందికి వంచింది. పెద్దమ్మ ఆ కిరీటానికి చెయ్యి అందక, భుజం మీద తట్టి, తెలుగులోనే, “చల్లగా ఉండు తల్లీ. ఆ చెప్పులు మార్చు, కాలు పాడైపోతుంది” అంది.

తిరుగు వ్యాన్‌లో బావ నా పక్కన కూర్చుని మెల్లగా, తను దిగిన ఫొటో గ్రూపులో పెట్టొద్దన్నాడు. ముగ్గురితో దిగాడంట. నా దగ్గరే ఇంకో రెండు వందలు తీసుకున్నాడు. టికెట్టు డబ్బుతో కలిపి అది ఇంకా రావాలి బావా, ఇది చదువుతావని తెలుసు.