ఒక్క బంగ్లా చుట్టూ తీసిన డ్రాకులా

దేవరకొండ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పాడుబడ్డ గడీ ఒకటి ఉంది. 1958లో విడుదలైన, బ్రిటన్‌కు చెందిన హామర్ చిత్రనిర్మాణ సంస్థ వారి రక్తపిశాచి కథ ‘డ్రాకులా’ను మొన్న మళ్లీ చూస్తున్నప్పుడు, చిన్నతనంలో మెట్లెక్కడానికి జంకిన ఆ గడీయే నా కళ్ల ముందు మెదిలింది. ఆ చిత్రంలోని కోట గదులు కూడా థేమ్స్ నది ఒడ్డున డౌన్ ప్లేస్ అనే పాత బంగ్లాను ఆనుకుని ఏర్పడిన బ్రే స్టూడియోలోనే తయారయ్యాయి.

సినిమాకైన ఖర్చు సుమారు 81 వేల పౌండ్లే. అందుకే కళాదర్శకుడు బెర్నార్డ్ రాబిన్సన్ ఒకసారి వేసిన సెట్టునే కాస్త మార్చి, సామాను జరిపి, మరో చోటుగా చూపించేవాడు. మా వైపు యక్షగానం వాళ్లు ఒకే తెర ముందు కాసేపు హరిశ్చంద్రుడి సభను, కాసేపటికే కాటిని నమ్మించేవారు కనుక ఈ పద్ధతి నాకు కొత్తగా అనిపించలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది రచయిత జిమ్మీ శాంగ్‌స్టర్ నేర్పు. సినిమాకు మూలమైన బ్రామ్ స్టోకర్ నవలలో డ్రాకులా గబ్బిలంగా, తోడేలుగా మారతాడు. దానిని తెరకెక్కించాలంటే డబ్బు కావాలి, తెరకెక్కించినా జనం నవ్వే ప్రమాదముంది. అందువల్ల ఆయన ఆ రూపాంతరాలను తీసేసి ఊరుకోక, అవన్నీ వట్టి అపోహలని డ్రాకులాను వేటాడే వాన్ హెల్సింగ్ పాత్ర చేతనే చెప్పించాడు. ఇక డ్రాకులాగా వేసిన ఆరడుగుల ఐదంగుళాల క్రిస్టఫర్ లీ, మొదట్లో అతిథితో మర్యాదగా నాలుగు మాటలాడాక, చివరిదాకా మళ్లీ నోరు విప్పడు. దర్శకుడు టెరెన్స్ ఫిషర్ ఆ మౌనాన్ని, ఛాయాగ్రాహకుడు జాక్ ఆషర్ పట్టిన నెత్తుటి ఎరుపును నమ్ముకున్నాడు.

పతాక సన్నివేశంలో డ్రాకులాను బెదరగొట్టడానికి మరో శిలువను జేబులోంచి తీయడం, వాన్ హెల్సింగ్‌గా వేసిన పీటర్ కుషింగ్‌కు నచ్చలేదు. అప్పటికే శిలువలు అమ్ముకునేవాడిలా ఉన్నానని ఆయన బాధ. బల్ల మీదుగా పరుగెత్తి, దూకి కిటికీ తెరలు లాగేసి, చేతికందిన రెండు కొవ్వొత్తి స్తంభాలను శిలువలా అడ్డంగా పట్టుకోవడం ఆయన ఆలోచనే. ఎండలో కరిగిపోతూ డ్రాకులా తన ముఖాన్ని తానే గోళ్లతో చీరుకునే క్షణాలు మాత్రం ఏళ్ల తరబడి బ్రిటన్ ప్రేక్షకులకు దక్కలేదు. 2011లో టోక్యోలో, అగ్నిప్రమాదంలో కొంత పాడైన రీళ్లలో అవి దొరికాయి. ఫిల్ లీకీ చేసిన ఆ మేకప్‌ను నేను నల్లగొండలో, మా ఇంటి చిన్న టీవీలో, దీపాలు ఆర్పకుండానే చూశాను.