ఒకే జాడీ ఆవకాయ, రెండు రకాల బీపీ

మా ఇంట్లో అమ్మా నాన్నా తినేది ఒకే జాడీలో ఆవకాయ. అమ్మ బీపీ నార్మల్. నాన్నకు మాత్రం ఉప్పు కాస్త ఎక్కువైతే చాలు, మిషన్‌లో అంకె ఎగబాకుతుంది. "నాకే ఎందుకురా ఈ శిక్ష" అని ఆయన గోల.

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు గారు చీటీ వెనక కిడ్నీ గొట్టం బొమ్మ గీశారు. ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు ఆ గొట్టం కణాలు సోడియాన్ని రక్తంలోకి వెనక్కి లాగే ద్వారాలను తగ్గించుకోవాలి. ఉప్పు పడని శరీరంలో ఆ ద్వారాలను తయారుచేయించే జన్యువుల జోరు తగినంత తగ్గదట. సోడియంతో పాటు నీరూ నిలిచిపోతుంది, ప్రెషర్ పెరుగుతుంది.

ఇంటికొచ్చి చదివితే ఇంకా ఆశ్చర్యం. 1960ల్లో లూయిస్ డాల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఉప్పుకు బీపీ పెరిగే ఎలుకలనూ, పెరగని వాటినీ వేరువేరు వంశాలుగా పెంచారు. తర్వాత ఒకదాని కిడ్నీ ఇంకోదానికి మారిస్తే, బీపీ తీరు కూడా చాలావరకు కిడ్నీ వెంటే వెళ్లింది! గుండెను అనుమానిస్తాం గానీ, అసలు దొంగ నడుం దగ్గర కూర్చున్నాడన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. నాన్న ఇప్పుడు మిక్చర్ ప్యాకెట్ మీద సోడియం అంకెను కళ్లజోడు ఎత్తి మరీ చదువుతున్నారు. ఆవకాయ జాడీ దగ్గరికి మాత్రం ఇంకా ఎవర్నీ రానివ్వట్లేదు.