ఊరికే ఇచ్చేస్తే మనకేం మిగులుతుంది?

స్వీడన్‌లోని లుండ్‌లో వైర్‌లెస్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. సెలవులకు హైదరాబాద్ వస్తే అబిడ్స్ జగదీశ్ మార్కెట్ ఓసారి చుట్టి రావాల్సిందే. అక్కడ కుప్పపోసి అమ్మే పేరూఊరూ లేని ఇయర్‌బడ్స్‌లో ఉన్న బ్లూటూత్, 1994లో ఎరిక్సన్ వాళ్లు లుండ్‌లో మొదలుపెట్టిందే. 1998లో ఐబీఎం, ఇంటెల్, నోకియా, తోషిబాలతో కలిసి గ్రూపు కట్టి, సభ్యులెవరూ రాయల్టీ కట్టక్కర్లేదన్నారు. ఇక ఊరూరా పాకింది. చిప్పులమ్మి వెలిగింది మాత్రం కేంబ్రిడ్జ్‌లోని సీఎస్ఆర్ లాంటి కంపెనీలు. ఎరిక్సన్ 2012లో ఫోన్ల వ్యాపారంలో తన వాటా సోనీకి అమ్మేసింది. (దానికి కారణం బ్లూటూత్ కాదులెండి, ఆ కథ వేరు.)

రాయదుర్గంలో చిన్న స్టార్టప్ నడిపే మా బావమరిదికి ఇది చెప్తే మొహం మాడిపోయింది. నీళ్ల ట్యాంకుల సెన్సర్ల కోసం తను రాసిన ప్రోటోకాల్‌ను, అంటే పరికరాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే నియమాలను, అందరూ ఉచితంగా వాడుకునే ఉమ్మడి స్టాండర్డ్ చేయాలని ఉబలాటపడుతున్నాడు మరి.

"ఇంటెల్ యూఎస్‌బీని ఊరికే ఇచ్చి బాగుపడలేదా బావా?"

బాగుపడింది. పోర్టు చవకైతే పీసీలు ఎక్కువ అమ్ముడవుతాయి, వాటిలో ప్రాసెసర్లు ఎక్కువగా తనవే. యూఎస్‌బీ లాంటిదే అయిన ఫైర్‌వైర్‌కు ఆపిల్ 1999లో పోర్టుకో డాలర్ అడిగింది. తర్వాత రేటు తగ్గినా తయారీదారులు యూఎస్‌బీ వైపే పోయారు. "ఇచ్చేశాక అమ్ముకోడానికి నీ దగ్గరేముంది?" అన్నాను. సెన్సరే ఉందట. షెన్‌జెన్‌లో దాన్ని సగం ధరకు చేసేవాళ్లకు కొదవా?

లుండ్‌లో మనవాళ్లం టెస్టులు, కోడు చూసుకుంటాం. పేటెంట్ల గొడవ మనదాకా రాదు. స్టాండర్డ్స్ మీటింగులో ఛైర్మన్ ముందుగా పేటెంట్ పాలసీ స్లైడ్లు చదువుతుంటే, మన సభల్లో ప్రార్థనగీతం లాగే ఎవరూ వినరు. ఒక స్వీడిష్ పెద్దాయన మాత్రం ప్రతి ముక్కా వింటాడు. కాఫీ దగ్గర నాకు విడమరిచి చెప్పిందాయనే: స్టాండర్డ్ పాటించాలంటే తప్పనిసరిగా వాడాల్సిన పేటెంట్లను ఉచితంగా ఇస్తే చాలు, మిగతావి మన దగ్గరే ఉంచుకోవచ్చు. మనమీద కేసు వేసినవాడికి లైసెన్సు రద్దయ్యేలా షరతూ పెట్టుకోవచ్చు. గ్రూపులో లేని బయటివాణ్ని మాత్రం ఇవేవీ ఆపలేవు. గూగుల్, ఇంకొందరు కలిసి రాయల్టీ లేదంటూ తెచ్చిన ఏవీ1 అనే వీడియో కుదింపు పద్ధతి మీద 2019లో సిస్వెల్ అనే పేటెంట్ లైసెన్సుల కంపెనీ ఫీజు అడగలేదూ!

బావమరిది ఇప్పుడు తన పేటెంట్లను ఇచ్చేవి, తన దగ్గరే ఉంచుకునేవి అని విడదీస్తున్నాడు. బ్యాటరీ ఆదా కిటుకు దగ్గరే పేచీ వచ్చింది. సెన్సర్ ఎప్పుడు నిద్రపోవాలో, ఎప్పుడు లేవాలో ప్రోటోకాల్‌లోనే ఉంది. ఆ పేటెంట్ ఇవ్వకపోతే వేరే కంపెనీ సెన్సర్ ఆ స్టాండర్డ్‌ను పాటించలేదు.