మంచు బండి, నాన్న చేతక్

2023 అక్టోబర్‌లో అమెరికాలో, మినెసోటా రాష్ట్రం డులూత్ ఊరి బయట, ఒకాయన షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉన్న పాత స్నోమొబైల్‌ను, అంటే మంచు మీద నడిచే బండిని, 1,400 డాలర్లకు కొన్నాను. టూ-స్ట్రోక్ ఇంజన్, రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు. ఆయన తాడు లాగి స్టార్ట్ చేసి చూపించాడు. పొగ చిమ్మింది, అర నిమిషం తిరిగింది, ఆగిపోయింది. "చాలా రోజులుగా వాడలేదు, అంతే" అన్నాడు. ఆ పొగ వాసనకు నేను పడిపోయాను. చిన్నప్పుడు తెనాలిలో నాన్న చేతక్ స్కూటర్ వెనక సీటు మీద కూర్చుని పీల్చిన వాసన అది. లేకపోతే ఇంకో వంద డాలర్లైనా తగ్గించమని అడిగేవాణ్ణి.

ఇంటికి తెచ్చి బానెట్ ఎత్తితే మొదట కనబడింది ఎలుకల గూడు. ఎయిర్‌బాక్సు నిండా సీటులోంచి పీకిన స్పాంజి, ఎండుగడ్డి, గింజల పొట్టు. ఆ గూడులోంచే గాలి పీల్చుకుంటూ ఆ అర నిమిషమైనా ఎలా తిరిగిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాకు రాత్రి తొమ్మిదైతే నాన్నకు పొద్దున ఎనిమిదిన్నర. ఫోను పెయింట్ డబ్బాకు ఆనించి వీడియో కాల్ చేసేవాణ్ణి. ఆయన కాఫీ తాగుతూ చూసేవారు. బండిని చూడగానే "దీనికి చక్రాలేవిరా?" అన్నారు. వెనక రబ్బరు ట్రాక్ తిరుగుతుంది, ముందు రెండు స్కీలు జారతాయి అని చెప్పాను. "సర్లే, ఇంజన్ మనదేగా. ముందు ప్లగ్గులు ఊడదియ్" అన్నారు.

ప్లగ్గుల కన్నా ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, చూడమని పక్కింటి పెద్దాయన సలహా ఇచ్చి తన గేజ్ ఇచ్చాడు. ప్లగ్గు ఉండే చోట గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ముల్లు ఇక కదలని దాకా తాడు లాగాలి. ఒక సిలిండర్ 120 పీఎస్‌ఐ, రెండోది 118 చూపించింది. రెంటికీ పది శాతం కన్నా తేడా ఉంటే పిస్టన్ దాకా వెళ్ళాల్సి వచ్చేది. పాత బండి కొనేవాళ్ళు ఈ పరీక్ష డబ్బులు ఇవ్వకముందు చేయాలి. నేను ఇచ్చాక చేశాను.

కార్బొరేటర్లు విప్పితే అడుగున పాత పెట్రోల్ తేనెలా గట్టిపడి ఉంది. తక్కువ వేగంలో పెట్రోల్ అందించే పైలట్ జెట్ కన్నం ఎంత సన్నమంటే వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే తప్ప కనబడదు. రెండింట్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, సన్నటి గిటార్ తీగతో పొడిచాను. "నోటితో ఊదరా" అన్నారు నాన్న. ఊదాను. ఆ చేదు రెండు రోజులు పోలేదు. మా ఆవిడ అయితే గరాజ్ బట్టలు ఇంట్లోకి తేవద్దని వేరే బుట్ట పెట్టింది.

మినెసోటాలో మామూలు పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ కలుస్తుంది. అది నీటిని పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవుంటే ఇలాంటి తంటాలే తెస్తుంది. స్నోమొబైళ్ళకూ పడవలకూ ఇథనాల్ లేని ప్రీమియం పెట్రోల్ అమ్మడానికి ఇక్కడ చట్టంలోనే వెసులుబాటు ఉంది. అదే పోయించాను. ఆయిల్‌కు వేరే ట్యాంకు ఉంది, పంపు దానంతట అదే కలుపుతుంది. కానీ ఆయిల్ పైపులు విప్పాను కదా, లోపల గాలి ఉండిపోతే ఇంజన్ నూనె అందక పట్టేస్తుంది. అందుకని మొదటి ట్యాంకుకు 50 పాళ్ళ పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్ నేనే కలిపి పోశాను. బంకులో చేతక్‌కు టూ-టీ ఆయిల్ పోయించుకున్న నాన్నకు ఇది ఒక్కటీ చెప్పక్కర్లేకుండా అర్థమైంది. "చూశావా" అన్నారు గర్వంగా.

అన్నీ బిగించి తాడు లాగాను. నలభైసార్లు లాగి ఉంటాను. భుజం పోయింది. ప్లగ్గులు తీస్తే తడిసి ఉన్నాయి. పెట్రోల్ వస్తోంది, కరెంటు రావట్లేదన్నమాట. కాయిల్ పోయిందని నాన్న తేల్చేశారు. కొత్త కాయిల్ ధర చూస్తూ దిగులుగా కూర్చుంటే పక్కింటాయన వచ్చి, హ్యాండిల్ మీది ఎర్ర బటన్‌ను రెండు వేళ్ళతో పైకి లాగాడు. అది ఇంజన్ ఆపే బటన్. నొక్కి ఉంటే ఎంత లాగినా స్పార్క్ రాదు. ఆరిన ప్లగ్గులతో మూడో లాగుడుకే అందుకుంది. ఫోనులోంచి నాన్న "చేతక్‌ను ఓసారి పక్కకు వంచితే చాలురా, స్టార్ట్ అయ్యేది" అంటూనే ఉన్నారు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ వేగం వెంటనే దిగడం లేదు. గీ...మని కాసేపు అరిచి అప్పుడు దిగుతోంది. నాకు ముచ్చటగానే ఉంది కానీ నాన్న మొహం మారింది. "ఆపు. ప్లగ్గు తీసి రంగు చూపించు" అన్నారు. ఒక ప్లగ్గు గోధుమ రంగు, రెండోది సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఎక్కడో గాలి దూరుతోంది. గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే మంట వేడెక్కి, పిస్టన్‌కు కన్నం పడుతుంది. టూ-స్ట్రోక్‌లో పెట్రోల్‌తో పాటే నూనె వెళ్ళేది, అదీ తగ్గుతుంది. కార్బొరేటర్‌నూ ఇంజన్‌నూ కలిపే రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో వంచితే అడుగున పగులు నోరు తెరిచింది. పైనుంచి చూస్తే నిక్షేపంగా ఉంది. రెండూ మార్చాను. ఈ పని మొత్తంలో నన్ను కాపాడింది ఆ తెల్ల ప్లగ్గే. అది చూడకుండా మంచులోకి తీసుకెళ్ళి ఉంటే ఇంజన్ పోయేది.

ఇక్కణ్ణుంచి నాన్న చదువు అయిపోయింది. చేతక్‌కు గేర్లు ఎడమ చేతిలో ఉంటాయి. దీనికి గేర్లే లేవు. యాక్టివాలో లాగా రెండు పుల్లీలు, మధ్యన వెడల్పాటి బెల్టు. వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీ దగ్గరపడుతుంది, వెనకది విచ్చుకుంటుంది. పాత బెల్టు అంచులు అద్దంలా మెరుస్తున్నాయి, ఒక పన్ను లేదు. కొత్తది వేసి, పుల్లీల ముఖాలు గరుకు పీచుతో రుద్ది ఎసిటోన్‌తో తుడిచాను. ఇంకో బెల్టు సీటు కింద పెట్టుకున్నాను. అడవి మధ్యలో బెల్టు తెగితే నడిచి రావాల్సిందే.

ట్రాక్ లోపల పట్టాల కింద ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి, స్లైడ్‌లు. ట్రాక్ వాటిమీదే జారుతుంది. వాటిని తడిపేదీ చల్లబరిచేదీ మంచే. అందుకే మంచు లేని నేలమీద నడిపితే అవి కరిగిపోతాయి. ఇంజన్ నీళ్ళను చల్లబరిచే గొట్టాలు కూడా ట్రాక్ పైనే ఉంటాయి, వాటికీ మంచు ఎగిరి తగలాలి. పాత పట్టీలు అరిగి హద్దు గీత దాటాయి. సబ్బునీళ్ళు రాసి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టి కొత్తవి ఎక్కించాను. ట్రాక్‌ను తిప్పే చైన్ ఉండే డబ్బాలో (చైన్‌కేసు) ఆయిల్ మార్చడం, గ్రీజు కొట్టడం, ట్రాక్ మధ్యకు తేవడం ఒక్క ఆదివారంలో అయ్యాయి. బానెట్ కింద చలినిబట్టి ఎంత మెయిన్ జెట్ (ఎక్కువ వేగంలో పెట్రోల్ అందించే జెట్) వేయాలో చార్టు అంటించి ఉంది. చలి పెరిగితే గాలి చిక్కబడుతుంది, పెట్రోల్ ఎక్కువ కావాలి. చేతక్‌కు మేలోనూ డిసెంబర్‌లోనూ ఒకటే జెట్టని నాన్న ఎగతాళి చేశారు. తెనాలిలో మైనస్ ముప్పై ఎప్పుడొచ్చింది గనక!

నేను 1976 తర్వాత పుట్టినవాణ్ణి కాబట్టి సేఫ్టీ సర్టిఫికెట్ తప్పనిసరి. అదీ ఆన్‌లైన్‌లో పూర్తిచేశాను. డిసెంబర్ రెండో వారానికి బండి సిద్ధం.

మంచు మాత్రం రాలేదు. ఆ ఏడు మినెసోటాలో చలికాలం చలికాలంలా లేదు. డులూత్ దగ్గర ఏటా జరిగే బేర్‌గ్రీజ్ కుక్కబళ్ళ పందెం కూడా మంచు లేక రద్దయింది. జనవరి అంతా గరాజ్‌లో బండి వెనక భాగం స్టాండు మీదకెత్తి, తలుపు బార్లా తీసి, రెండేసి నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపేవాణ్ణి. అంతకన్నా ఎక్కువసేపు తిప్పితే వేడెక్కుతుంది. పక్కింటాయన రోజూ వచ్చి ఆకాశం వంక చూసి వెళ్ళేవాడు.

మార్చి చివర్లో ఒక పెద్ద తుఫాను వచ్చింది. స్నోమొబైళ్ళు తిరిగే దారులు (ట్రైళ్ళు) ఏప్రిల్ 1న మూసేస్తారు, ఇంకెన్నో రోజులు లేవు. అందుకని పక్కింటాయన పొలంలోనే తిప్పాను, నలభై నిమిషాలు. తడి మంచు బరువుగా ఉంది, మలుపుల్లో స్కీలు మాట వినలేదు, ఒకసారి కూరుకుపోతే ఇద్దరం కలిసి తోశాం. ఆపగానే ప్లగ్గులు తీసి నాన్నకు చూపించాను. రెండూ ఒకే రంగు, డికాక్షన్ రంగు.

ఆ వారమే బండిని మళ్ళీ నిద్రపుచ్చాను. కార్బొరేటర్లు ఖాళీ చేసి, సిలిండర్లలో ఆయిల్ స్ప్రే కొట్టి, బెల్టు తీసి పక్కన పెట్టి, ఎలుకలు దూరకుండా ఎయిర్‌బాక్సు నోటికీ సైలెన్సర్ మూతికీ స్టీల్ పీచు దోపాను. వచ్చే ఏడు అవి తీయడం మర్చిపోకుండా హ్యాండిల్‌కు ఒక చీటీ కట్టాను. దాని కింద ఇంకో లైను కూడా రాశాను: ఎర్ర బటన్ పైకి లాగు.