కావేరి ఒడ్డున రాత్రి భోజనం

గత శనివారం బెంగళూరు నుంచి భీమేశ్వరి వెళ్లాం. దాదాపు 100 కిలోమీటర్లు, కావేరి పక్కన టెంట్. రాత్రికి ఏం వండాలన్న టెన్షన్ ఈసారి లేదు.

పులిహోర పులుసు ముందురోజే నూనె పైకి తేలేదాకా ఉడికించి సీసాకెత్తాను. ఉప్మా రవ్వ పోపుతో సహా వేయించి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోశాను. అందులో పచ్చిమిర్చి వద్దు, ఎండుమిర్చే వేయాలి. తడి తగిలితే నిలవుండదు. కందిపొడి, నెయ్యి ఎలాగూ ఉన్నాయి. అన్నం ఒక్కటే అక్కడ చిన్న స్టవ్ మీద వండాను.

తరిగే పని లేకపోయేసరికి అత్తయ్య కూడా మాతోపాటే కూర్చుని వేడివేడిగా తిన్నారు. ఇంట్లో ఎప్పుడూ అందరికీ వడ్డించాకే తింటారావిడ. ఆ రాత్రి మా పాప ఆవిడకు వడ్డించింది.