సంఘంలో చేరితే ఏమొస్తుందక్కా?

పోయిన వారం నైట్ డ్యూటీలో, తెల్లారుజామున మూడింటికి ఇంజెక్షన్లన్నీ అయిపోయి కూర్చుంటే, మా వార్డుకి కొత్తగా వచ్చిన పాప అడిగింది, "అక్కా, టీఎన్ఏఐ మెంబర్‌షిప్ కట్టమంటాండారు, కడితే ఏమొస్తుందక్కా" అని. టీఎన్ఏఐ అంటే మన దేశంలో ట్రైనింగ్ అయిన నర్సుల సంఘం. ఇంతలో ఏడో బెడ్డు పెద్దాయన పిలిస్తే లేసి పోతిమి, జవాబు సగంలోనే ఆగిపాయ. అందుకే రాస్తాండా.

నీకొక రిజిస్ట్రేషన్ నంబరు ఉంది కదమ్మా, అది ఊరికే రాలేదు. 1887లో లండన్‌లో ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అనే ఆమె నర్సుల సంఘం పెట్టింది, ట్రైనింగ్ అయినోళ్ల పేర్లు ఒక రిజిస్టర్‌లో ఉండాల అని. వద్దన్నోళ్లల్లో నైటింగేల్ గారు కూడా ఉన్నారు, మంచి నర్సు గుణం పరీక్షల్లో తేలదని ఆమె నమ్మకం. ప్రతి మే 12న, నర్సుల దినం నాడు, ఆమె ఫోటోకి దండేసేదాన్నే నేను, కానీ ఈ విషయంలో మాత్రం ఫెన్విక్ పక్కే. ఆమె విడవలేదు, 1899లో ఐసీఎన్, అంటే అన్ని దేశాల నర్సుల సంఘాల కూటమి, మొదలుపెట్టించింది, 1901లో అమెరికాలో బఫెలో అనే ఊర్లో దేశదేశాల నర్సులు కూడి రిజిస్ట్రేషన్ చట్టాలు కావాలని తీర్మానం చేసిరి, అదే ఏడు న్యూజిలాండ్ చట్టం తెచ్చేసింది, ఆమె సొంత దేశంలో మాత్రం 1919 దాకా రాలేదు. 32 ఏళ్లు! ఆ రిజిస్టర్‌లో ఒకటో నంబరు ఆమెదే, అది చదివినప్పుడు నాకు కండ్లల్లో నీళ్లొచ్చినాయి.

మన దేశంలో 1905లో లక్నోలో ముందు నర్సింగ్ సూపరింటెండెంట్లు కూడి ఒక సంఘం పెట్టినారు, 1908లో ట్రైనింగ్ అయిన నర్సులకు ఇంకో సంఘం, 1922లో రెండూ ఒకటైనాయి, అదే ఈ టీఎన్ఏఐ. 1926లో మద్రాసు నర్సుల చట్టం వచ్చింది, అప్పుడు మన కర్నూలు మద్రాసు కిందనే కదా.

నేనొకసారి కాన్ఫరెన్స్‌కి పోయొస్తి, రెండు నైట్లు మార్చుకొని, పిల్లోన్ని అమ్మ దగ్గర వదిలి. అక్కడ వేరే జిల్లా సిస్టర్ ఒకామె మైకు పట్టుకొని రాత్రిపూట ఒక్క నర్సుకి ఎంతమంది పేషెంట్లో చెప్తాంటే అచ్చం మా వార్డు సంగతే చెప్తాన్నట్లుండె. అంతవరకు అది మా ఒక్కరి కర్మే అనుకుంటి. భోజనాల కాడ ఆమె పక్కనే కూర్చుంటి, రాత్రి ఛార్టు ఎట్ల రాస్తారో చెప్పింది, ఇప్పటికీ నేను అట్లే రాస్తా.

రేపు నైట్ ఇద్దరిదీ ఒకే డ్యూటీ, ఫారం నా బ్యాగులో ఉంది పాపా, పాస్‌పోర్ట్ ఫోటో తెచ్చుకో.